రాత్రి పూట ఫోన్‌కి చెప్పుకుంటున్నాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నరసన్నపేట. నాకు 36 ఏళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన దుబాయ్‌లో వెల్డరు. రెండేళ్ళకోసారి వస్తారు. నిరుడు మా అమ్మ పోయిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. సూదిలో దారం ఎక్కించడానికే పది నిమిషాలు పడుతోంది. శ్రీకాకుళంలో డాక్టరు గారు డిప్రెషన్ అని మాత్రలు రాశారు. ఆరు వారాలుగా వేసుకుంటున్నాను. మా తమ్ముడు ఫోన్‌లో ఒక యాప్ వేసిచ్చాడు. రెండు నెలలుగా రోజూ రాత్రి అందులో మనసులోది రాస్తాను, అది జవాబిస్తుంది. మా అత్తగారి మాటలతో సహా ఎవరికీ చెప్పనివన్నీ రాశాను. ఒకరోజు ‘ఎందుకు బతకాలి’ అని రాస్తే ఊపిరి పీల్చి వదలమంది. ఇప్పుడు కాస్త తేలికగా ఉంది గనక మాత్రలు మానేద్దామనుకుంటున్నాను. యాప్ సరిపోతుందా? నేను రాసినవి ఎవరైనా చదువుతారా? మొదట ఉచితం అన్నారు, ఇప్పుడు ఏడాదికి రెండు వేల చిల్లర కట్టమంటోంది. కట్టనా?

– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి నెల తిరిగిపోతుంది. మీరు మధ్యలో రాసి దాటేసిన ఆ ఒక్క మాట అన్నాళ్ళు ఆగేది కాదు. అందుకే ముందు ఫోన్ చేశాను. ‘ఏదో రాశాన్లెండి’ అన్నారు మీరు. చచ్చిపోవాలని ఉందా, ఎలాగన్నది కూడా ఆలోచించారా అని తిన్నగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళ భయం. అవదు. అడిగేవాళ్ళు లేకే అది లోపల ముదురుతుంది. మీరు కాసేపు పలకలేదు, తర్వాత ఏడ్చారు, తర్వాత మాట్లాడారు. ఆ మాటలు మన మధ్యే ఉంటాయి. మిగతావి రాస్తానంటే సరేనన్నారు, రాస్తున్నాను.

ఊపిరి వ్యాయామం చెడ్డదేం కాదు. గాబరాకి నేనూ అదే నేర్పిస్తాను. కానీ ఆ మాటకి అది జవాబు కాదు. మనిషైతే చేతిలో పని పక్కన పెట్టి, ‘ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?’ అని అడిగేవాడు.

మీరు చెప్పిన యాప్‌ని నా ఫోన్‌లోనూ వేసుకున్నాను. విజయనగరంలో నా దగ్గరికొచ్చేవాళ్ళు ఎలా అంటారో అలాగే, ‘గుండె గాబరా పడిపోతంది’ అని కొట్టాను. గుండెనొప్పేమో, అంబులెన్సుని పిలవమంది. ‘అమ్మ మీద బెంగెట్టుకున్నాను’ అన్నాను. అమ్మకి ఓసారి ఫోన్ చేసి మాట్లాడమంది! అమ్మ పోయిందని నేను చెప్పలేదు, నిజమే. కానీ మన వైపు ఏ ఆడమనిషికైనా ఆ మాట చెప్పి చూడండి, ముందు ‘అమ్మకేటయిందమ్మా?’ అంటుంది. మనసెలా ఉందో ఎంచుకోమని అది ఐదు ముఖాల బొమ్మలు చూపిస్తుంది. బెంగకి అందులో ముఖం లేదు.

అలాగని పనికిరావని చెప్పను. వోబాట్ అని, మీ యాప్‌లాగే రాసినదానికి జవాబిచ్చే చాట్‌బాట్ మీద అమెరికాలో చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. 70 మంది యువతీయువకుల్లో కొందరికి రెండు వారాలు ఆ బాట్ ఇచ్చి, మిగిలినవారికి డిప్రెషన్ మీద చదువుకునే పుస్తకం ఇచ్చారు. బాట్ వాడినవారిలో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. కాదనను. కానీ అంతా కాలేజీ వయసువాళ్ళు, చూసింది రెండే రెండు వారాలు. ఆ యాప్‌ని కంపెనీయే 2025 జూన్‌లో మూసేసింది. ఇంకో లెక్క 2019 నాటిది. 93 మానసిక ఆరోగ్య యాప్‌లు చూస్తే, సగం యాప్‌లలో పదిహేను రోజులు గడిచేసరికి నూటికి నలుగురైనా మిగల్లేదు. మీరు రెండు నెలలుగా రోజూ రాస్తున్నారు. ఆ పట్టుదల యాప్‌ది కాదు, మీది.

తేలికపడింది యాప్ వల్లో మాత్రల వల్లో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అయితే ఈ రకం మాత్రలు ఒంటికి పట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. మీరిప్పుడు ఆరో వారంలో ఉన్నారు. అన్నం ఉడుకు పట్టే వేళకి పొయ్యి ఆర్పేస్తానంటున్నారు. నెమ్మదించాక కూడా మామూలుగా మరో ఆరు నెలలైనా వాడమంటారు. ఉన్నపళంగా మానేస్తే తల తిరగడం, నిద్ర చెడడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టుండడం జరగొచ్చు. జబ్బూ తిరగబెట్టొచ్చు. ఎప్పుడు, ఎంతెంత తగ్గించాలో డాక్టరుగారే చెప్పాలి.

ఇక ఎవరైనా చదువుతారా అన్నది. బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ, రహస్యంగా ఉంచుతామన్న వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023లో ఆ కేసు 78 లక్షల డాలర్ల దగ్గర తెగింది. మన దగ్గర 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, వైద్యం చేసేవాళ్ళు మీ విషయం బయటపెట్టకూడదు. యాప్‌లో మాత్రం మీరు చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కిన షరతులే ముందు మాట్లాడతాయి. ఇకమీదట పేర్లు, ఊరు రాయకండి. తీసేయాలనుకుంటే ముందు ఖాతా తొలగించమని అడిగి, తర్వాత యాప్ తీయండి. ఫోన్‌లోంచి తీసినంత మాత్రాన వాళ్ళ దగ్గరున్నది చెరిగిపోదు. అన్నట్టు, ఆ ఫోన్‌కి తాళం ఉందా? కంపెనీ సంగతి తర్వాత, అత్తగారి మీద రాసినవి ముందు ఇంట్లోనే బయటపడతాయి.

డబ్బు కట్టకండి. కార్డో యూపీఐయో ఇచ్చి ఉంటే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ ముందుగా రద్దు చేయించండి. యాప్ తీసేసినా డబ్బు కోత ఆగదు.

అర్ధరాత్రి మళ్ళీ ఆ మాట మనసులోకొస్తే 14416కి చేయండి. టెలీ మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఫోన్‌లో దాచుకుని, మిషను మీద కూడా ఓ కాగితమ్ముక్క అంటించండి. మాత్రల అట్టలు పక్కింటావిడ దగ్గర ఉంచి, రోజుకి సరిపడా తెచ్చుకుంటానని నాతో ఒప్పుకున్నారు, గుర్తుందిగా?

యాప్‌లో రాసుకోవడం మానమనను. మళ్ళీ శ్రీకాకుళం వెళ్ళినప్పుడు అందులో ఓ నాలుగు రాత్రులవి తెరిచి డాక్టరుగారికి చూపించండి. ‘ఎందుకు బతకాలి’ అన్న రోజుదీ చూపించండి. ఓపీలో ఐదు నిమిషాల్లో నోటికి రానిదంతా అందులో ఉంది. మీ తమ్ముణ్ణి కూడా బస్సెక్కించుకు తీసుకెళ్ళండి. యాప్ వేసిచ్చినవాడు ఆ మాత్రం తోడు రాకపోతే ఎలా?