ఒక్క ఆకు గీయండి, మిగతా 23 తిప్పుకోండి

ఆగస్టు 15కి స్కూలు కోసం జెండా బొమ్మ గీస్తున్నానని, నెట్‌లో దొరికిన బొమ్మను ట్రేస్ చేస్తే చక్రం వంకరపోతోందని అడిగారు. ట్రేస్ జోలికి పోకండి. నేను పోయి పరువు పోగొట్టుకున్నవాణ్ణి.

హనుమకొండలో నాది చిన్న ఫ్లెక్స్, డీటీపీ షాపు. ఒక ఏడాది ఆగస్టు 14 రాత్రి ఒక స్కూలుకి పది అడుగుల ఫ్లెక్స్ వేశాను. టైం లేదని నెట్ బొమ్మను కోరల్‌డ్రాలో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ట్రేస్ కొట్టి, పెద్దది చేసి ప్రింటింగ్‌కి పంపించాను. పొద్దున రిటైరైన డ్రిల్లు సారు ఒకాయన దాని ముందు నిలబడి వేలితో చక్రం ఆకులు, అంటే నడిమి నుంచి అంచు దాకా పోయే పుల్లలు, లెక్కపెట్టారు. 24 ఉండాల్సింది 22 వచ్చాయి. రెండు చోట్ల పక్కపక్క ఆకులు అతుక్కుపోయాయి. "బిడ్డా, మిగతా రెండు షాపులనే మర్చిపోయి వచ్చినవా?" అన్నారు. ఆ రోజు మిఠాయి కూడా తినబుద్ధి కాలేదు.

అప్పటి నుంచి కొలతలతోనే గీస్తున్నాను. పేజీ 900×600 మిల్లీమీటర్లు పెట్టుకోండి. ఫ్లాగ్ కోడ్ (జాతీయ జెండా నియమావళి) పట్టికలో ఉన్న సైజే ఇది, పొడవు ఎత్తుల నిష్పత్తి 3:2. ముందు మొత్తం తెల్లగా నింపి, పైన 200 ఎత్తున కాషాయం, కింద 200 ఆకుపచ్చ పరచండి. మూడు పట్టీలు విడివిడిగా పక్కపక్కన పెడితే స్క్రీన్ మీద మధ్యలో సన్నటి గీత కనబడి టెన్షన్ పెడుతుంది.

చక్రం వ్యాసం 185. చాలామంది తెల్ల పట్టీ నిండా 200 పెట్టేస్తారు, తప్పు. పైనా కిందా ఏడున్నర చొప్పున ఖాళీ ఉండాలి. పైగా ఇదే లెక్క అన్ని సైజులకూ పనికిరాదు. టేబుల్ మీద పెట్టే 150×100 జెండాకు పట్టికలో చక్రం 25 మాత్రమే, దామాషాగా తగ్గిస్తే దాదాపు 31 వస్తుంది. అందుకే మీకు కావాల్సిన సైజును పట్టికలో చూసుకోండి.

ఇక ఆకులు. నిట్టనిలువుగా ఒక్కటే గీయండి. అది కర్రలా ఒకే మందంలో ఉండదు, రెండు చివర్లా సన్నబడుతుంది. దాని తిరుగుడు కేంద్రాన్ని చక్రం నడిమి బిందువు మీదికి జరిపి, 15 డిగ్రీల చొప్పున 23 సార్లు కాపీ కొట్టండి. ఆకుల మధ్య, అంచుకు ఆనుకుని చిన్న బొట్లు కూడా 24 ఉంటాయి. వాటిని అందరూ మర్చిపోతారు. మొదటి బొట్టు ఏడున్నర డిగ్రీల దగ్గర పెట్టి అలాగే తిప్పండి. చక్రం అంచును ఉత్త గీతగా వదిలేయకుండా ఆకారంగా మార్చేయండి, లేకపోతే సెట్టింగును బట్టి పెద్దది చేసినప్పుడు గీత మందం పెరగక దారంలా మిగులుతుంది.

రంగులకు స్క్రీన్ మీద చాలామంది వాడే కోడ్ నంబర్లు: కాషాయానికి ఎఫ్ఎఫ్9933, మధ్యలో తెలుపు, ఆకుపచ్చకు 138808, చక్రానికి 000080. ఫ్లెక్స్ మిషన్‌లో ఇవే రంగులు వేరేగా పడతాయి, కాబట్టి అరచేతంత ముక్క ముందు తీయించుకోండి. జెండా మీద స్కూలు పేరు వేయమని అడిగితే ఒప్పుకోకండి. జెండాపై ఏ అక్షరాలూ ఉండకూడదని కోడ్‌లోనే ఉంది. పేరు పక్కన వేసుకోవచ్చు.

వేరే దేశాలవి కూడా గీసే పని పడితే, నడుమకు సర్దే బటన్‌ను గుడ్డిగా నొక్కకండి. జపాన్ ఎర్ర గుండ్రం నిజంగానే నట్టనడుమ, వ్యాసం ఎత్తులో అయిదింట మూడు వంతులు. బంగ్లాదేశ్‌ది మాత్రం కర్ర వైపు కాస్త జరిగి, పొడవులో ఇరవయ్యింట తొమ్మిదో వంతు దగ్గర ఉంటుంది. నేపాల్‌ జెండానైతే ఎలా గీయాలో ఆ దేశ రాజ్యాంగంలోనే అంచెలంచెలుగా రాశారు. ఎర్ర భాగం, చంద్రుడు, సూర్యుడు అయ్యాక చివర్లో నీలం అంచు బయటివైపు కలుపుతారు. ఒక పిల్లాడి ప్రాజెక్టు కోసం దాన్ని గీయడానికి నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. వాడిచ్చింది ఇరవై రూపాయలు.