ఫోన్‌లో ఒక లెక్క, బిల్లులో ఇంకో లెక్క

ప్రశ్న: ఇంట్లో నెట్ 212 జీబీ వాడామని బిల్లొచ్చింది. నా ఫోన్‌లో చూస్తే 140 కూడా లేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే ‘సిస్టమ్‌లో అంతే ఉందండీ’ అని ఒకటే పాట. ఏం చేయాలి?

జవాబు: ఫోన్ తన వాడకమే చెబుతుందండీ, టీవీ, ల్యాప్‌టాప్ ఎంత లాగాయో దానికేం తెలుసు? రూటర్‌లో మొత్తం లెక్క ఉంటే బిల్లు మొదలయ్యే రోజున సున్నా చేసి, రోజూ ఒకే టైమ్‌కి స్క్రీన్‌షాట్ తీయండి (రీస్టార్ట్ చేస్తే కొన్నింటిలో ఆ లెక్క చెరిగిపోతుంది, జాగ్రత్త). బైట్ల నుంచి జీబీ దాకా ఒకరు 1000తో, ఒకరు 1024తో మూడుసార్లు గుణించి లెక్కేస్తారు, అక్కడే దాదాపు 7 శాతం తేడా. మీ తేడా అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఒక రాత్రి రూటర్ ఆపేయండి. ఆ గంటల్లోనూ వాడకం పడిందా, గట్టి ఆధారం దొరికినట్టే. ఫోన్‌లో వాదించొద్దు, రోజువారీ వివరాలు ఇమ్మని మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబరు తీసుకోండి.