బరంపురం పట్టుచీరకు పాతబడని ఫొటో: కిటికీ వెలుగు, ఒక తెర, నిలబడటం తెలిసిన మనిషి

ప్రశ్న: బరంపురంలో మాది చిన్న పట్టుచీరల దుకాణం. మేడ మీద ఉత్తరం కిటికీ ఉన్న గది ఖాళీగా ఉంది. పాత వోగ్ పత్రికల్లోలాగా, ఏళ్లు గడిచినా పాతబడని ఫొటోలు తీయించాలని ఉంది. పేరున్న మోడళ్లను తెచ్చే స్తోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

గది, కిటికీ ఉన్నాయంటే అసలు సరుకు మీ చేతిలో ఉన్నట్టేనండి. 1950లో ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ పారిస్ దుస్తులను వోగ్ కోసం తీసింది పై అంతస్తులోని ఓ స్టూడియోలో, పగటి వెలుగులోనే. వెనక కట్టింది ఓ పాత నాటకశాల పరదా. ఆ ఫొటోల్లో బట్ట, మనిషి, వెలుగు తప్ప ఇంకేమీ ఉండదు. ఫొటోకి వయసు తెచ్చేవి చుట్టూ చేర్చే పూలకుండీలు, రంగు లైట్లు, ఆ ఏడాది ఫ్యాషనైన కనుబొమలు. వాటిని ఎంత తగ్గిస్తే చీర అంత కాలం నిలుస్తుంది.

ముందు వెలుగు సంగతి. ఉత్తరం కిటికీలోంచి ఎండ రాదని పుస్తకాల్లో రాస్తారు. అది పారిస్, న్యూయార్క్‌లకు చెల్లే మాట. బరంపురం దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడిమి నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా పొద్దున, సాయంత్రం కూడా ఆ కిటికీలోకి ఏటవాలు ఎండ పడుతుంది. నేరుగా ఎండ తగిలిన జరీ ఫొటోలో తెల్ల మచ్చ అయిపోతుంది, ఎడిటింగ్‌లో వెనక్కి రాదు. అందుకే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 లోపు తీయించుకోండి. మిగతా నెలల్లో కిటికీకి పలచని తెల్ల మల్లు గుడ్డ ఒక పొర బిగించాలి. వానాకాలం మబ్బు వెలుగు చాలా మెత్తగా ఉంటుంది గానీ తక్కువ, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 దాకా పెంచాల్సి రావచ్చు. ఏ కాలమైనా ట్యూబ్‌లైట్లు ఆర్పేయండి. గోడలకు ఆకుపచ్చో నీలమో డిస్టెంపర్ ఉంటే ఆ రంగు ముఖం మీదా పట్టు మీదా తేలుతుంది, ముందు తెల్ల సున్నం వేయించండి.

మనిషిని కిటికీకి 4, 5 అడుగుల దూరంలో, తెరకు 6 అడుగులు ముందుకు నిలబెట్టండి. తెరకు ఆనుకుంటే నీడ దాని మీద పడి గది ఇరుకైనట్టు కనిపిస్తుంది. లేతరంగు చీరకైతే కిటికీకి ఎదురువైపు నల్ల దుప్పటి వేలాడదీయండి, మడతల లోతు తెలుస్తుంది. ముదురు ఎరుపు, వంగపండు రంగు, నలుపు చీరలకు అదే చోట తెల్ల థర్మోకోల్ షీటు పెట్టాలి. జరీ లోహపు మెరుపు కాబట్టి ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది. ఎదురుగా చీకటి ఉంటే నల్లబడుతుంది, తెల్ల షీటు ఉంటే పసుపుగా వెలుగుతుంది. షీటును నాలుగు వేళ్ల వెడల్పు అటూ ఇటూ జరుపుతూ అంచు వెలిగే చోటు వెతకండి. ఈ పనికి ఓపిక కావాలి, కానీ పట్టు ఫొటోలో సగం అందం ఇక్కడే తేలుతుంది. కెమెరా మీది ఫ్లాష్ మాత్రం వద్దు.

తెర మీరే చేసుకోవచ్చు. సురభి వాళ్ల నాటకాల పరదాలు దగ్గరగా చూసినవాళ్లకు పద్ధతి తెలిసే ఉంటుంది. 9 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు మందపాటి కాన్వాసు గుడ్డ తీసుకుని గోడకు బిగించి, 1 వంతు తెల్ల జిగురుకు 4 వంతులు నీళ్లు కలిపి ఒక పూత వేయండి. ఆరాక తెల్ల డిస్టెంపర్‌లో నల్లరంగు కొద్దికొద్దిగా కలుపుతూ నడిమి బూడిదరంగు తెండి. చిటికెడు గోధుమరంగు కూడా పడాలి, లేకపోతే నీలంగా కొడుతుంది. స్పాంజితో మబ్బుల్లా అద్దుతూ మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా వదలండి. ఆయిల్ పెయింట్ మెరుస్తుంది, వాడకండి. పని అయ్యాక పైపుకు చుట్టి పెట్టాలి. మడిస్తే గీతలు పడతాయి, అక్కడే రంగు రాలుతుంది.

ఇక చీర. మడత గీతలు పక్కవెలుగులో కత్తిగాట్లలా కనిపిస్తాయి. లోపలివైపు తిప్పి, పైన నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడిలో ఇస్త్రీ చేయించండి. ఇస్త్రీపెట్టె జరీకి నేరుగా తగలకూడదు. గోపాలపురం సముద్రపు గాలి తడికి పట్టు మెత్తబడి కుచ్చిళ్లు వాలిపోతాయి కాబట్టి గంజి పెట్టిన నూలు లంగానే కట్టించండి. కుచ్చిళ్లు 5 నుంచి 7, ఒక్కొక్కటి 5 అంగుళాలు చాలు. మన చీరకు ప్రాణం ఫోడా కుంభం, అంచు మీద వరుసగా లేచే ఆ గోపురం కొనలు. కుచ్చిళ్లు అడ్డదిడ్డంగా పడితే కొనలు సగంలో తెగుతాయి. పైకుచ్చెల అంచు నిలువుగా, కొనలన్నీ కెమెరా వైపు తిరిగేలా సర్ది, వెనక క్లిప్పులతో పట్టించండి. జాకెట్టు మోచేతి దాకా చేతులు, గుండ్రటి మెడ ఉంటే ఏ కాలానికైనా నప్పుతుంది. నగ ఒక్కటే, చెవికో మెడకో.

మోడల్ గురించి దిగులు పడకండి. ఆ కాలంలో అందరికన్నా ఎక్కువగా కనిపించిన మోడల్ లీసా ఫాన్సాగ్రీవ్స్ స్వీడన్‌లో పుట్టి, నాట్యం నేర్చుకున్న మనిషి. 1939లో ఎర్విన్ బ్లూమెన్‌ఫెల్డ్ ఆవిడను ఐఫెల్ టవర్ అంచున, గౌను గాలికి ఎగురుతుండగా తీశాడు. అంత ఎత్తులోనూ ఒళ్లు బిగుసుకోకుండా నిలిచింది. ఒడిస్సీ, కూచిపూడి నేర్చుకున్న అమ్మాయిలు మన ఊళ్లో దొరుకుతారు. వాళ్లకు బరువు ఏ కాలి మీద ఉందో తెలుసు, చెయ్యి ఎక్కడ ఆపాలో తెలుసు. అయితే ఒళ్లు మూడు చోట్ల వంచే త్రిభంగి పెట్టనివ్వకండి, అప్పుడది నాట్యం ఫొటో అవుతుంది. వెనక్కాలి మీద బరువు, భుజాలు కిటికీ వైపు కొంచెం తిరిగి, ఊపిరి వదిలిన క్షణంలో ఫొటో. అరచేతి వెనకభాగం చూపిస్తే చెయ్యి పెద్దదిగా కనిపిస్తుంది, చేతి పక్కభాగం కెమెరా వైపు ఉండాలి. నవ్వమనకండి. పది నిమిషాలు తీసి కాసేపు కూర్చోనివ్వండి.

లెన్స్ విషయంలో గది పొడవు కొలవండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సర్ ఉన్నది) 85 ఎంఎం లెన్సుతో నిలువెత్తు ఫొటో కావాలంటే మనిషికీ కెమెరాకీ మధ్య 16, 17 అడుగులు, తెరతో కలిపి 22 పైన కావాలి. అంత చోటు లేకపోతే 50 ఎంఎం, 10 అడుగులు. అంతకన్నా దగ్గరకి వెళితే తల, చేతులు సాగుతాయి. కెమెరా నడుము ఎత్తులో ట్రైపాడ్ మీద ఉండాలి. పెన్ వాడిన రోలీఫ్లెక్స్‌లోకి పైనుంచి తల వంచి చూస్తారు, కాబట్టి అది మామూలుగా పొట్ట దగ్గరే ఉంటుంది. మనుషులు పొడుగ్గా కనిపించడానికి ఆ ఎత్తు సాయం చేస్తుంది. కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టిబడతాయి. అపర్చర్ ఎఫ్ 5.6, షట్టర్ సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 800 దగ్గర మొదలుపెట్టండి. ఫోన్ అయితే 2ఎక్స్ లెన్సుతో వెనక్కి జరగండి. పోర్ట్రెయిట్ మోడ్ కొంగు అంచులు కొరికేస్తుంది. సన్నటి నేతలో లేని చారలు కనిపిస్తే ఒక అడుగు ముందుకో వెనక్కో కదిలితే పోతాయి.

వీపు నుంచి కూడా తప్పక తీయించండి. చీరలో నేతగాడి పనితనమంతా కొంగులో ఉంటుంది, కొంగు వేలాడేది వీపు మీద. 1939లో హోర్స్ట్ తీసిన కార్సెట్ ఫొటోలో మోడల్ వీపే కనిపిస్తుంది, జారిన రిబ్బన్లే కథ చెబుతాయి.

గది బయట తీయాలనుకుంటే పట్టు పక్కన గరుకుది పెట్టండి. 1955లో రిచర్డ్ అవెడన్ పారిస్ సర్కస్‌లో మోడల్ డోవీమాను ఏనుగుల మధ్య నిలబెట్టాడు. ముడతల చర్మం పక్కన డియోర్ గౌను నునుపు రెట్టింపైంది. మనకు పాత సున్నపుగోడ, అరిగిన మగ్గం చెక్క చాలు. దేవాంగుల ఇంట్లో మగ్గం దగ్గర తీస్తే ముందు అనుమతి అడగండి, ఆపిన పనికి ఆ రోజు కూలి ఇచ్చేయండి.

నలుపు తెలుపు చేయాలనిపిస్తే ఒక జాగ్రత్త. ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు ఉంటే రెండూ ఒకే బూడిదరంగులోకి వచ్చి అంచు మాయమవుతుంది. ఎడిటింగ్‌లో ఎరుపును లేతగా, ఆకుపచ్చను ముదురుగా జరిపితే కుంభాలు తిరిగి తేలతాయి. చర్మం నునుపు చేసే ఫిల్టర్లు పట్టు పోగును కూడా తుడిచేస్తాయి, వద్దు. రా ఫైళ్లు, అంటే కెమెరా ఇచ్చే మార్పుల్లేని అసలు ఫైళ్లు, దాచుకోండి. దుకాణంలో 12×18 అంగుళాల మ్యాట్ ప్రింటు పెట్టాలంటే 3600×5400 పిక్సెళ్లు, అంటే దాదాపు 20 మెగాపిక్సెళ్లు కావాలి, కాబట్టి ఫ్రేము తర్వాత కత్తిరించే పని లేకుండా తీసేటప్పుడే సరిచూసుకోండి.