పిల్లులు వచ్చాక పాము తినడం మానేసింది, భార్య మాట్లాడటం మానేసింది

ప్రశ్న: మూడేళ్లుగా ఒక మగ బాల్ పైథాన్‌ను పెంచుతున్నాను. మూడు నెలల క్రితం నాకు పెళ్లయింది. నా భార్య తన రెండు పిల్లులను వెంట తెచ్చుకుంది. అప్పటి నుంచి పాము సరిగ్గా తినడం లేదు. తొమ్మిది వారాలుగా అసలేమీ ముట్టలేదు. 1,200 గ్రాములుండేది 1,150కి తగ్గింది. రెండు రోజులకోసారి ఎలుకను చూపిస్తున్నాను, తల తిప్పేసుకుంటోంది. పిల్లుల్లో ఒకటి రోజంతా పాము పెట్టె మీదే వెచ్చగా పడుకుంటుంది. మొన్న కోపం ఆపుకోలేక ‘నీ పిల్లులు వచ్చాకే ఇలా అయింది, వాటిని మీ పుట్టింటికి పంపెయ్’ అన్నాను. నాలుగు రోజులుగా ఆమె ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ పాము ప్రాణం మీదకు రాలేదు, ముందు ఆ భయం వదలండి. పూర్తిగా ఎదిగిన బాల్ పైథాన్‌కు తొమ్మిది వారాల ఉపవాసం కొత్త కాదు. ఈ జాతిలో మగవి జతకట్టే కాలంలో నెలల తరబడి తిండి మానేసి కూడా ఆరోగ్యంగానే ఉంటాయి. పూట తప్పితే నీరసించే మన కడుపుతో దాని కడుపును కొలవకండి. తగ్గింది 50 గ్రాములు, అంటే 4 శాతం. పదో వంతు తగ్గి 1,080కి చేరితే మాత్రం ఆలస్యం చేయకుండా పాములకు వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. శ్వాసలో గురక, నోటి దగ్గర జిగురు, నోరు తెరుచుకుని ఊపిరి తీయడం, వెన్నెముక గట్టులా పైకి తేలడం, వీటిలో ఏది కనిపించినా బరువుతో పని లేకుండా వెళ్లండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం వేరే ఉంది: ‘రోజంతా పాము పెట్టె మీదే వెచ్చగా పడుకుంటుంది’. మీరు దాన్ని మాటవరసకు రాశారు. నాకు సగం జవాబు అందులోనే దొరికింది. పెట్టె లోపల నుంచి ఒకసారి చూడండి. బాల్ పైథాన్ పై పెదవి వెంట చిన్న చిన్న గుంటలు ఉంటాయి, వేడిని పసిగట్టేది వాటితోనే. మీ పెట్టెకు వలలాంటి జాలీ మూత ఉంటే, నెత్తి మీద ఒక పెద్ద వెచ్చని జంతువు కదులుతోందని దానికి తెలుస్తూనే ఉంటుంది. అది ఎలుక కాదని కూడా తెలుసు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి భూముల్లో ఈ పాములు పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో దాక్కుంటాయి. భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటాయి, ఆ పేరు వచ్చింది అందుకే. తల దాచుకోవాలనుకునే ప్రాణి తిండి కోసం తల బయట పెడుతుందా? మీరు మొండితనం అనుకుంటున్నది బెదురు. పైగా రెండు రోజులకోసారి ముఖం ముందు ఎలుకను ఆడించడంతో మీరు కూడా ఆ బెదురులో భాగమయ్యారు. ప్రేమతోనే చేశారు, కానీ ఇక ఆపాలి.

పెట్టెను తలుపు మూసుకునే గదిలోకి మార్చండి. ఆ వీలు లేకపోతే పిల్లులు ఎక్కలేని చోట పెట్టి, మూడు పక్కలా మందమైన అట్ట కట్టండి, మూతకు గట్టి క్లిప్పులు వేయండి. లోపల వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, రెండు గూళ్లు ఉండాలి. విశాలంగా ఉంటే మంచిదనుకుంటాం గానీ, చుట్టుకున్నప్పుడు ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూట్లోనే దానికి ధైర్యం. మూడు నెలలుగా మూత మీద పిల్లి ఉంది కాబట్టి లోపలి వేడి, గాలి ఆడటం రెండూ మారి ఉండవచ్చు. చేత్తో తాకి చూసి సరిపెట్టుకోకుండా మీటర్‌తో కొలవండి. వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25 నుంచి 27, తేమ 60 శాతం దగ్గర ఉండాలి. తరువాత రెండు వారాలు దాన్ని చేతుల్లోకి తీసుకోకండి, ఎలుకను చూపించకండి. నీళ్లు మార్చి తలుపు వేసేయండి. మీకు ఇదే అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు.

పెట్టే రోజు వచ్చాక, గడ్డకట్టించిన ఎలుకను ముందు రాత్రే మూత ఉన్న విడి డబ్బాలో ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. సాయంత్రం సంచిలో వేసి వేడి నీళ్లలో ఉంచితే 38 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది. మైక్రోవేవ్‌లో వద్దు. ప్రాణమున్న ఎలుకతో ఆశ పెట్టాలని కూడా చూడకండి, ఆకలి లేని పామును ఎలుకే కొరికి గాయం చేస్తుంది. ఎలుక వాసనకు మీ పిల్లులు పరుగెత్తుకొస్తాయి కాబట్టి, వెచ్చచేయడానికి ముందే అవి వేరే గదిలో ఉండాలి. పిల్లిని నిమిరిన చేతులను సబ్బుతో కడుక్కోండి. చీకటి పడ్డాక, దీపం తగ్గించి, పొడవాటి పట్టుకారుతో ఎలుకను గూటి ముందు ఉంచండి. తల మెల్లగా బయటికొస్తుంది, నాలుక నెమ్మదిగా ఆడుతుంది, మెడ వెనక్కి మడత పడుతుంది. ఆ క్షణంలో చెయ్యి కదపకండి. అయినా అందుకోలేదంటే, ఎలుకను గూటి గుమ్మంలో వదిలేసి గది నుంచి వచ్చేయండి, చాలా పాములు ఎవరూ చూడనప్పుడే తింటాయి. పొద్దున అలాగే ఉంటే తీసేసి, పది రోజుల దాకా మళ్లీ ప్రయత్నించకండి. కళ్లు పాలు కలిపిన నీలంగా ఉంటే కుబుసం విడవబోతోందని అర్థం, అప్పుడసలు పెట్టకండి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు.

ఇక మీ భార్య సంగతి. పిల్లి వెచ్చదనం కోసం వెతుక్కుంది, దొరికిన చోట పడుకుంది. దాని తప్పేమీ లేదు, తెచ్చిన మనిషిది అంతకన్నా లేదు. పిల్లులు వచ్చే ముందు పెట్టె ఎక్కడ ఉండాలో ఇద్దరూ కూర్చుని ఆలోచించి ఉండాల్సింది, అది జరగలేదు. ఆమెకు ఈ ఇంట్లో అన్నీ కొత్త. తనతో పాటు వచ్చిన పాత నేస్తాలు ఆ రెండు పిల్లులే. వాటిని పంపెయ్ అన్నప్పుడు, ఈ ఇల్లు ఇంకా నీది కాదు అన్న మాట ఆమె చెవిన పడి ఉంటుంది. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని వాదించకండి. ‘అలా అనకూడదు, తప్పయింది’ అనండి. వెనకాల ‘కానీ’ చేర్చకండి.

ఆ తరువాత ఆమె భయాలేమిటో అడిగి, మధ్యలో సర్దిచెప్పకుండా పూర్తిగా వినండి. ఇన్నాళ్లూ మీ పాము ఆకలి గురించే ఇంట్లో మాట నడిచి ఉంటుంది. తన పిల్లులను అది పట్టుకుంటుందేమోనని ఆమె లోపల వణుకుతూ ఉండవచ్చు. ఎదిగిన పిల్లిని మింగడం అంత చిన్న పాముకు సాధ్యం కాదు. అయినా అవి ఒకే చోట ఎదురుపడే అవకాశం ఎప్పుడూ ఇవ్వనని మాటివ్వండి. అది రెండు వైపులా అవసరం. పిల్లి నోట్లో ఉండే బాక్టీరియా వల్ల చిన్న గాటు కూడా పాముకు ప్రమాదమే, గీరినా కరిచినా అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఫ్రిజ్‌లో ఎలుక అంటే ఆమెకు రోత కలిగితే అది న్యాయమైన రోతే. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, మనుషులకు జబ్బు తెచ్చే బాక్టీరియా ఉండవచ్చు కాబట్టి, దాని నీళ్ల గిన్నెను, పట్టుకారును వంటింటి సింకులో కడగనని కూడా చెప్పండి, చెప్పినట్టే చేయండి.

బాల్ పైథాన్ ఇంట్లో 20, 30 ఏళ్లు బతుకుతుంది. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిన ఒక ఆడ బాల్ పైథాన్ గుడ్లు పెట్టింది. మీరిద్దరూ దానితో గడపాల్సిన కాలం ఎంత ఉందో చూడండి. అందుకే ఈ ఏర్పాటు మీరు ఒక్కరే చేసి ఆమెకు చూపించేది కాకూడదు. పిల్లికి పాము పెట్టె కన్నా ఇష్టమైన వెచ్చని, ఎత్తైన చోటు ఏదో ఆమెకే బాగా తెలుసు, ఆ చోటు ఆమెనే ఎంచమనండి. పాముకు పెట్టే సాయంత్రం పిల్లులకు వాటి తిండి పెట్టి గదిలో ఉంచే పనిలో సాయం అడగండి. ఇష్టం లేదంటే బలవంతం చేయకుండా మీరే చేయండి.

ఈ రాత్రి ఎలుకను బయటికి తీయకండి. పెట్టె మీద పిల్లి ఉంటే విదిలించకుండా రెండు చేతులతో ఎత్తి, తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టండి. మాట అక్కడ మొదలుపెట్టండి.