డిమ్మబుల్ ఎల్‌ఈడీలు మిణుకుమంటుంటే బల్బులను కాదు, గోడలోని డిమ్మర్‌ను అనుమానించండి

కొత్తగా పెట్టిన డిమ్మబుల్ ఎల్‌ఈడీ బల్బులు వెలుతురు తగ్గించగానే మిణుకుమంటున్నాయని, ఆపేశాక కూడా మసకగా వెలుగుతున్నాయని, అవి నాసిరకం బల్బులేనా అని అడిగారు. అట్టపెట్టె మీద డిమ్మబుల్ అని ఉంటే వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ మాట లేకపోతే మాత్రం బల్బులే మార్చాలి, అందులో చర్చకు తావు లేదు. నేను చూసినంతవరకు దోషం దాదాపు ప్రతిసారీ గోడలోని డిమ్మర్‌లోనే, అంటే వెలుతురు తగ్గించే స్విచ్‌లోనే ఉంటుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాన్నగారి గది. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయనకు ఎక్కువ వెలుతురు పడేది కాదు. సాయంత్రం కాగానే లైట్లు బాగా తగ్గించుకుని కూర్చునేవారు. ఆ గదిలో 60 వాట్ల ఫిలమెంటు బల్బులు నాలుగు ఉండేవి. వాటిని తీసి 7 వాట్ల డిమ్మబుల్ ఎల్‌ఈడీలు పెట్టించాం. డిమ్మర్ మాత్రం పాతదే ఉండిపోయింది. పూర్తి వెలుతురులో ఏ ఇబ్బందీ లేదు. సగానికి తగ్గిస్తే జుయ్యిమని సన్నని మోత. ఇంకా తగ్గిస్తే నాలుగూ ఒక్కసారిగా వణకడం. నాన్నగారు తలనొప్పి అనేవారు. ఆపరేషన్ సరిగా కుదరలేదేమోనని లోలోపల భయపడ్డారు కూడా. నాకు కోపం వచ్చింది అక్కడే. లైటు దోషాన్ని ఆయన తన కంటికి అంటగట్టుకున్నారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి పైకి చూసి, ఇది వోల్టేజీ సమస్య అన్నాడు. అదే అయితే పక్క గదిలో డిమ్మర్ లేని ఎల్‌ఈడీ ఎందుకు నిలకడగా వెలుగుతోందని అడిగాను. అప్పుడు మాట మార్చి, బల్బులే బాగాలేవు, వేరే కంపెనీవి కొనండి అన్నాడు. కొన్నాం. అదే వణుకు. అంతసేపూ అతను గోడ వైపు కన్నెత్తి చూడలేదు. ఒక వస్తువు ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకోకుండానే కొత్తది కొనమనే ఈ అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు. మనుషుల డబ్బు పోతుంది, మంచి బల్బులు చెత్తబుట్టలో పడతాయి.

తర్వాత పాత సామానులో మిగిలిన 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెతికి తీసి, ఒక ఎల్‌ఈడీ స్థానంలో పెట్టాను. మిగిలిన మూడు ఎల్‌ఈడీలు అక్కడికక్కడే కుదురుకున్నాయి. బాగా తగ్గించినా వణుకు లేదు. పూర్తిగా ఆపేస్తే మసక వెలుగూ లేదు. నాన్నగారు తలెత్తి, ఏం చేశావని అడిగారు. ఒక్క బల్బు మార్చానన్నాను. "అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు.

మీరు కూడా ముందు ఈ పరీక్షే చేయండి. ఎల్‌ఈడీలు కుదురుకుంటే దాని అర్థం ఒక్కటే, మీ డిమ్మర్‌కు కావలసినంత లోడు, అంటే దాని మీద ఉన్న బల్బుల మొత్తం వాట్లు, లేదు. మెయిన్ స్విచ్ ఆపించి మా డిమ్మర్ విప్పిస్తే, దాని మీద 60 నుంచి 400 వాట్లు అని ముద్రించి ఉంది. అందరి చూపూ 400 మీదే పడుతుంది. చూడాల్సింది 60ని. మా ఎల్‌ఈడీలు నాలుగు, ఒక్కొక్కటి 7 వాట్లు, మొత్తం 28 వాట్లే. పాత డిమ్మర్లలో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. అది తెరుచుకుని నిలబడాలంటే దాని గుండా కొంత కనీస కరెంటు పారుతూనే ఉండాలి. అంతకన్నా తగ్గితే మధ్యలో తెగిపోతుంది, మళ్లీ అందుకుంటుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 సార్లు జరగాల్సిన పని క్రమం తప్పుతుంది. ఫిలమెంటు వేడెక్కి ఉంటుంది కాబట్టి చిన్న ఒడుదొడుకులను తనలోనే దాచేసుకునేది. ఎల్‌ఈడీ దాచదు, వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. అసలు ఇళ్లలో వాడే డిమ్మర్ పుట్టిందే ఫిలమెంటు బల్బు కోసం. అమెరికాలో జోయెల్ స్పైరా గోడ పెట్టెలో ఇమిడే డిమ్మర్‌ను రూపొందించింది 1959లో. ఎల్‌ఈడీ బల్బులు ఇళ్లలోకి రావడానికి అప్పటికి ఇంకా దశాబ్దాలు ఉన్నాయి.

ఆపినా వెలగడం సంగతి. చాలా ఇళ్లలో స్విచ్ పెట్టెలోకి న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, రాదు. అలాంటి చోట ఎలక్ట్రానిక్ డిమ్మర్ తను బతకడానికి కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బుల గుండానే లాక్కుంటుంది. స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ దీపం చేసేదీ అదే. పక్కపక్కన పోయే పొడవాటి వైర్ల వల్ల కూడా కాస్త కరెంటు చేరుతుంది. ఎల్‌ఈడీ వెలగడానికి అంత చాలు. న్యూట్రల్ ఉన్న డిమ్మర్ పెట్టించండి. అది వీలుకాకపోతే బల్బుకు సమాంతరంగా కలిపే బైపాస్ అనే చిన్న పరికరం ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి.

వణుకుకు, మోతకు మందు ఎల్‌ఈడీల కోసం చేసిన ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్. పాతరకం డిమ్మర్ కరెంటు అలను మొదట్లో కోసి ఒక్కసారిగా వదులుతుంది. బల్బులోని భాగాలు జుయ్యిమనేది ఆ దెబ్బకే. ఇది చివర్లో కోస్తుంది, కాబట్టి ప్రతి అల కూడా మెల్లగా మొదలవుతుంది. కనిష్ఠ లోడు కూడా చాలా తక్కువ. కొనేటప్పుడు ఎల్‌ఈడీలకు విడిగా ఇచ్చిన గరిష్ఠ వాట్లు చూడండి, ఫిలమెంటు లెక్క ఇక్కడ చెల్లదు. బిగించాక కనిష్ఠ వెలుతురు సర్దుకునే చిన్న మరనో, మీటనో ఉంటే, బల్బులు వణకడం ఆగేచోట దాన్ని నిలపండి. ఆ పని చేయకుండానే వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పైన చెప్పిన పరీక్షకు తప్ప, ఒకే డిమ్మర్ మీద రెండు రకాల బల్బులు కలపకండి.

బల్బు తయారీదారుల మీదా నాకు ఫిర్యాదుంది. పెట్టె మీద డిమ్మబుల్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు, ఏ డిమ్మర్‌తో అన్నది మాత్రం వేయరు. ఆ జాబితా ఎక్కడో వెబ్‌సైటు లోపలి పేజీలో ఉంటుంది. అది పెట్టె మీదే ఉండాలి. రంగు సంగతీ అంతే. ఫిలమెంటును తగ్గిస్తే వెలుగు బంగారు రంగుకు తిరిగేది. మామూలు ఎల్‌ఈడీ తగ్గించినా తన మొదటి రంగులోనే ఉండి వెలవెలబోతుంది. సాయంత్రపు వెలుగు కావాలంటే, తగ్గించేకొద్దీ బంగారు రంగుకు తిరిగే వార్మ్ డిమ్ రకం అడిగి తీసుకోవాలి.

కొద్దిపాటి మిణుకే కదా అని సర్దుకుపోవద్దు. కంటికి తెలియని మిణుకు కూడా కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 2015లో 1789 అనే సంఖ్యతో దీని మీద ప్రత్యేకంగా సిఫారసులు ఇచ్చింది. ఫోను కెమెరాలో స్లో మోషన్ పెట్టి బల్బు వైపు తిప్పితే చాలావరకు బయటపడుతుంది.

ఒక్క హెచ్చరిక. డిమ్మర్ లేని గదుల్లో కూడా లైట్లు ఒకచోట బాగా ప్రకాశించి మరోచోట మసకబారుతుంటే అది డిమ్మర్ గొడవ కాదు. న్యూట్రల్ వదులై ఉండవచ్చు. అది ప్రమాదం, మెయిన్ ఆపి వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మీ డిమ్మర్ మీద ఉన్న రెండు సంఖ్యలు, బల్బులు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని వాట్లు, స్విచ్ పెట్టెలో న్యూట్రల్ ఉందో లేదో కింద రాయండి. ఏ రకం డిమ్మర్ తీసుకోవాలో చెబుతాను.