పిల్లల ఏటీవీకి ముందు చక్రాల షాక్‌లు మార్చాలా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటున్నాము. పదేళ్ల మా అబ్బాయికి నిరుడు 90 సీసీ సెకండ్ హ్యాండ్ ఏటీవీ (కచ్చా నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి) కొన్నాము. వాడి బరువు 30 కిలోలు. ఎగుడుదిగుడు నేల మీద ముందు చక్రాలు ఎగిరెగిరి పడుతున్నాయి. హ్యాండిల్ గుంజేస్తోందని వాడంటున్నాడు. ముందువైపు ఒక్కో చక్రానికి ఒకే ఏ-ఆర్మ్ (చక్రాన్ని ఫ్రేముకు కలిపే A ఆకారపు చట్రం) ఉంది. రెండంగుళాలు ఎక్కువ పొడవున్న ఆర్మ్‌లు, పొడుగు షాక్ అబ్జార్బర్లు వేయించమని మిత్రులు చెబుతున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ఇప్పుడే వేయించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ బండి సస్పెన్షన్ బలహీనంగా ఉండటం కన్నా, మీ అబ్బాయి బరువుకు మించి గట్టిగా ఉండే అవకాశమే ఎక్కువ. అమెరికాలో పిల్లల ఏటీవీలను 6, 10, 12 ఏళ్లు దాటినవారికంటూ తరగతులుగా అమ్ముతారు. పదేళ్లవాడు కొన్నాళ్లకు పెద్దవాడైనా అదే బండి నడుపుతాడు కనుక, స్ప్రింగులను తయారీదారు ఆ బరువును కూడా దృష్టిలో ఉంచుకునే ఎంచుకుంటాడు.

ముందుగా టైర్ల గాలి చూడండి. ఈ చిన్న టైర్లలో ఉండవలసింది రెండు నుంచి నాలుగు పీఎస్ఐ మాత్రమే కాగా (కచ్చితమైన అంకె బండి మీది స్టిక్కరుపై ఉంటుంది), కారు అలవాటుతో పది పన్నెండు కొట్టేవారిని నేను చాలామందిని చూశాను. అలాంటప్పుడు ఎంత ఖరీదైన షాక్ వేసినా చక్రం బంతిలా ఎగురుతుంది. తరువాత ముందు భాగాన్ని స్టాండుపై ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపి, కింగ్‌పిన్‌లోనూ (స్టీరింగు తిప్పితే చక్రం దేని మీద తిరుగుతుందో ఆ పిన్ను) ఆర్మ్ బుష్‌లలోనూ లూజు ఉందేమో చూడండి. పాత బండ్లలో హ్యాండిల్ గుంజడానికి తరచూ ఇదే కారణం.

అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు ఇరుసు మధ్య నుంచి పైన ఫ్రేములో ఒక గుర్తు దాకా కొలవండి. బండి దించి, హెల్మెట్‌తో సహా అబ్బాయిని కూర్చోబెట్టి, ముందు భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదిలి, మళ్లీ కొలవండి. ఆ తేడా మొత్తం కదలికలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. చక్రం నాలుగంగుళాలు కదిలే బండిలో అది ఒక అంగుళం పైచిలుకు. అర అంగుళమే వస్తే షాక్ మీద స్ప్రింగును నొక్కి ఉంచే ప్రీలోడ్ రింగును వదులు చేయండి. పూర్తిగా వదిలినా రాకపోతే తక్కువ బలమున్న స్ప్రింగు కావాలి. రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, దానితో మారేది బండి ఎత్తు మాత్రమే. నొక్కి వదిలినప్పుడు ముందు భాగం ఒకసారి లేచి నిలవకుండా ఊగుతూనే ఉంటే డ్యాంపింగ్ (ఊపును ఆపే గుణం) పోయినట్టే. అప్పుడు షాక్‌లను జతగా మార్చవలసిందే.

ఇక పొడవైన ఆర్మ్‌ల సంగతి. ఆర్మ్ పది అంగుళాలు ఉందనుకోండి. షాక్ బిగించే చోటు కదపకుండా దాన్ని పన్నెండు చేస్తే, చక్రం దగ్గర స్ప్రింగు బలం పన్నెండింట పది వంతుల వర్గానికి, అంటే సుమారు 69 శాతానికి పడిపోతుంది. వేయించినవారు "ఎంత మెత్తగా ఉందో" అనడానికి కారణం ఇదే. అదే మెత్తదనం ఒక స్ప్రింగు మార్పుతో చవకగా వస్తుంది. వెడల్పు పెరిగితే మలుపుల్లో నిలకడ వస్తుందన్నది నిజమే అయినా, టై రాడ్లు (స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీలు), బ్రేకు కేబుళ్లు కూడా పొడవైనవి కొనాలి, ఫ్రేము మీద భారమూ పెరుగుతుంది. రేసు ట్రాకుకు వెళ్లేవారికి తప్ప ఆ ఖర్చు నాకు సమంజసంగా తోచదు. వాటికి బదులు వీల్ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే మందపాటి బిళ్లలు) వేద్దామని ఎవరైనా అంటే అసలే ఒప్పుకోకండి. చక్రం స్టీరింగు తిరిగే ఇరుసుకు దూరమై, హ్యాండిల్ ఇంకా గుంజుతుంది.

పొడుగు షాక్‌లు మాత్రం వద్దే వద్దు. ముందు భాగం లేచి గురుత్వ కేంద్రం పైకి పోతుంది, టై రాడ్ల చివరి జాయింట్లు తమ పరిమితి దాకా వంగి పట్టేయవచ్చు. ఏటీవీ బోల్తాపడితే బండి పిల్లవాడి మీదే పడవచ్చని మరువకండి. కొత్త షాక్ కొంటే పాతదాని రెండు కళ్ల (చివర్ల బోల్టు రంధ్రాల) మధ్య దూరం కొలిచి, అదే పొడవుది తీసుకోండి.

బిగించాక ముందు టైర్ల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందూ వెనకా కొలిచి, మాన్యువల్ చెప్పినంత టో-ఇన్ (వెనక కన్నా ముందు దూరం కాస్త తక్కువగా ఉండటం) ఉందో లేదో చూడండి. ఒకే ఆర్మ్ ఉన్న బండిలో ఎత్తు కాస్త మారినా ఇది మారిపోతుంది. అబ్బాయి కొత్త తీరుకు అలవాటు పడేదాకా థ్రాటిల్ లిమిటర్ స్క్రూను (వేగాన్ని అదుపులో ఉంచే స్క్రూ) లోపలికే బిగించి ఉంచండి.