బి12 కోసం స్పిరులినాను నమ్ముకోవచ్చా?

శాకాహారులకు బి12 విటమిను లోటు తీరడానికి స్పిరులినా అనే నీలి-ఆకుపచ్చ నాచు సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. ఐదు నెలలు వాడి చూసిన తరువాతే ఈ మాట చెబుతున్నాను.

పాలు పడక పెరుగు కూడా మానేసిన రెండేళ్లకు నా అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. రక్తపరీక్షలో బి12 మిల్లీలీటరుకు 148 పికోగ్రాములే ఉంది. సాధారణంగా 200 కంటే తగ్గితే లోటుగానే లెక్కిస్తారు. సూదిమందుకు భయపడి, డబ్బా మీద బి12 అంకె పెద్దగా కనిపించిన స్పిరులినా మాత్రలు కొని, రోజుకు ఆరు చొప్పున, అంటే 3 గ్రాములు, వేసుకున్నాను. నీళ్లు తగలగానే మాత్ర అంచు కరిగి నాలుక పచ్చబడేది, ఆ నాచు వాసన మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. ఐదు నెలల తరువాత వచ్చిన అంకె 139. అప్పటికి తిమ్మిర్లు పిక్కల దాకా పాకాయి.

స్పిరులినాలో ఉండే బి12లో అధికభాగం మన శరీరానికి పనికిరాని రూపమని డాక్టరు గారు వివరించారు. ఆ అణువు అసలు విటమినును పోలి ఉన్నా, కడుపులో బి12ను పట్టి పేగులకు చేర్చే ప్రోటీను దానిని సరిగా పట్టుకోలేదు. బాక్టీరియాను పెంచి విటమినును కొలిచే పాత పద్ధతిలో మాత్రం రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే ఆ బాక్టీరియాకు రెండూ ఉపయోగపడతాయి.

అలాగని స్పిరులినాను తీసిపారేయను. పూర్వం మెక్సికోను ఏలిన ఆజ్టెక్‌లు అక్కడి టెక్స్‌కోకో సరస్సు నుంచి దీనిని తీసి తినేవారు. ఆఫ్రికాలోని చాద్ సరస్సు ప్రాంతపు స్త్రీలు దీనిని ఎండబెట్టి, 'దిహే' అనే బిళ్లలుగా అమ్ముతారు. ఎండు పొడిలో సగానికి పైగా ప్రోటీనే, బీటా కెరోటిన్, ఇనుము, బి2 కూడా ఉంటాయి. అయితే 3 గ్రాముల పొడితో వచ్చే ప్రోటీను సుమారు 2 గ్రాములే, అదే 30 గ్రాముల పెసరపప్పుతో 7 గ్రాములు వస్తుంది.

జపాను వారు అన్నానికి చుట్టే నోరి అనే సముద్రపు నాచు సంగతి వేరు, అందులో నిజమైన బి12 ఉంటుంది. కాని రకాన్ని బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి మోతాదు మారుతుంది కనుక లోటు ఉన్నవారు దాని మీదే ఆధారపడకూడదు. కొంబు అనే నాచు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, కొంబు ఒక్క గ్రాములోనే దానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు కాబట్టి థైరాయిడ్ సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా తినరాదు.

చివరికి సూదిమందే వేయించుకున్నాను. ఆరో వారానికి పిక్కల తిమ్మిరి పోయింది, అరికాళ్లలో ఇంకా కొంచెం మిగిలే ఉంది. మీకు తిమ్మిర్లు ఉంటే, నాలా నెలలు గడపకుండా ఈ వారమే పరీక్ష చేయించుకోండి.